కోతకొచ్చిన పందిరి

ప్రభావతి స్టూలెక్కి, ద్రాక్షగుత్తి అట్టడుగున వేలాడుతున్న పండును తెంపి నోట్లో వేసుకుంది. గుత్తిలో పైనున్న పండ్లు ముందు పండుతాయి, కొసన ఉన్నది అన్నిటికంటే ఆఖరున. కొస పండు తీపెక్కిందంటే గుత్తి మొత్తం తయారైనట్టే. పలచటి తోలు పళ్ళ కింద చిట్లి రసం గొంతులోకి జారింది. పులుపు జాడ లేదు. గింజలు అరచేతిలోకి తీసుకుని చూసింది. పచ్చిదనం పోయి గోధుమరంగుకు తిరిగాయి.

"ఇగ ఆగేది లేదు," అనుకుంది పైకే. "రేపు పొద్దుగాల కోసుడే."

అశోక్ నగర్ సందులో ఆ ఇంటి పందిరి గేటు దగ్గర మొదలై మేడమెట్ల దాకా వాకిలంతా కప్పేసి ఉంటుంది. పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలుండే పక్క హాస్టల్ నీళ్ళ ట్యాంకును దాటుకుని ఎండ లోపలికి వచ్చే వేళ అది. ఆ కాసేపు ఎండ ఆకుల పైనుంచి పడదు, ఏటవాలుగా కిందకు దూరి గుత్తులను తాకుతుంది. ఒక్కో పండూ వెలుగుతో నిండుతుంది, లోపలి గింజలు చిన్న నీడల్లా కనిపిస్తాయి. పోయిన నెల దాకా రాళ్ళలా గట్టిగా ఉన్న పండ్లు ఇప్పుడు తేనెరంగు తేలాయి. వాటి మీద సన్నటి తెల్లటి పొడి. వేలు తగిలితే చాలు, పొడి చెరిగి మచ్చ పడుతుంది. అనాబ్ షాహి ద్రాక్ష. పెద్ద గుత్తులను రెండు చేతులా పట్టుకుంటే గానీ ఆగవు. ఈ రోజుల్లో గేటు తీసుకుని లోపలికొచ్చే వాళ్ళెవరైనా, పాలవాడైనా సరే, తల వంచుకుని రావలసిందే.

ఈ ఇంటి కింది భాగంలో కిరాయికి దిగిన కొత్తలో నల్లా పక్కన ఆమె గుచ్చిన బెత్తెడు పుల్ల అది. పోయిన అక్టోబర్లో ఉద్యోగుల సమ్మె జరుగుతున్నప్పుడు ఆఫీసు లేక భర్త జగన్మోహన్ ఇంట్లోనే ఉన్నాడు. అతను నిచ్చెన పట్టుకుంటే ఆమె తీరుబడిగా కొమ్మ కొమ్మా కత్తిరించింది. అందువల్లనో ఏమో, ఈ ఏడు కాసినట్టు ఎన్నడూ కాయలేదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. పై అంతస్తులో ఉండే ఇంటామె అరుంధతి చాయ్ గ్లాసుతో దిగి వస్తోంది.

"కత్తెర పట్టినవా అప్పుడే?"

"పట్టలేదక్కా. రుచి చూసిన. నోరు తెరువు జర."

అరుంధతి చిన్నపిల్లలా నోరు తెరిచింది. ప్రభావతి స్టూలు మీది నుంచే వంగి పండు పెట్టింది. అరుంధతి కళ్ళు మూసుకుని నమిలింది. తర్వాత మెట్టు మీద కూర్చుని చాయ్ గ్లాసు పక్కన పెట్టింది.

"ప్రభా, ఒక్క మాట. ఐతారం దాంక వీటిని గిట్లనే ఉంచరాదూ?"

"ఐతారమా? ఇంకా నాలుగు రోజులున్నది గదక్కా. ఇయ్యాల్టికే ఎక్కువ పండినయ్. గబ్బిలాలు ఉంచుతయా?"

"నాకు తెల్వదా? కానీ అనురాగ్‌ను చూడనీకి బర్కత్‌పురోళ్ళు వస్తున్నరు. పిల్ల గూడ వస్తది. వాళ్ళు గేటు తెరవంగనే ఈ పందిరి కనవడితే ఎట్లుంటది చెప్పు. మనిల్లంటే గిదని వాళ్ళకు యాదికుండాలె."

మనిల్లు అన్న మాట ప్రభావతికి ఎప్పుడూ బాగుంటుంది. అరుంధతి కొడుకు అనురాగ్ ఆమె కళ్ళ ముందే పెరిగాడు. మాదాపూర్ కంపెనీలో చేరిన రోజు మిఠాయి డబ్బా ముందు ఆమె చేతిలోనే పెట్టాడు. ఆమె గుత్తుల వంక ఇంకోసారి చూసింది. కొన్ని అప్పుడే కాడ దగ్గర ఎండుముఖం పడుతున్నాయి.

"సరే అక్కా. నేను చూసుకుంట. నువ్వు ఫికర్ చెయ్యకు."

అరుంధతి లేచి ఆమె మోకాలి మీద చెయ్యి వేసి, ఏదో అనబోయి, గ్లాసు తీసుకుని పైకి వెళ్ళిపోయింది.

*

ఆ సాయంత్రమే గబ్బిలాలు వచ్చాయి. మొదటి రోజు చీపురు పట్టుకుని వాకిట్లో తిరిగింది గానీ, తెల్లారి చూస్తే గేటు వైపు రెండు గుత్తులు సగం చీకేసి ఉన్నాయి. పాత దోమతెర చింపి సంచుల్లా కుట్టింది. చాలలేదు. జగన్మోహన్ ఆఫీసు నుంచి రాగానే, "సుల్తాన్ బజార్ పోయి వల గుడ్డ తెచ్చుకుందమండి," అంది.

మామూలుగా అయితే అలసిపోయానని, రేపు చూద్దామని అంటాడు. ఆరోజు విప్పిన చొక్కా మళ్ళీ తొడుక్కున్నాడు.

సుల్తాన్ బజార్లో చీరలు, పిల్లల గౌన్లు వేలాడే ఇరుకు సందులో తోసుకుంటూ, పెళ్ళిమండపాలకు గుడ్డలమ్మే దుకాణం పట్టుకున్నారు. దుకాణంవాడు చెప్పిన ధరకు ఆమె బేరమాడుతుంటే జగన్మోహన్ మధ్యలోకి వచ్చి, "నువ్వు చెప్పిన ధరకే ఇచ్చెయ్ బై, ఆమె అడిగినంత కొయ్యి," అన్నాడు. ప్రభావతి ఆశ్చర్యంగా చూసింది. కొత్తిమీర కట్ట దగ్గర కూడా బేరం వదలని మనిషి.

తిరిగి వస్తూ నారాయణగూడ చౌరస్తాలో ఆటో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అతను, "ప్రభా," అన్నాడు.

"ఏంది?"

అతను ముందున్న బస్సు వెనక రేకు వంక చూస్తూ కూర్చున్నాడు. పచ్చలైటు పడింది. "ఏం లేదు. దిగి చాయ్ తాగుదమా అంటున్న."

"ఇంటికాడ గబ్బిలాలొచ్చే టైమైంది. చాయ్ నేనే పెడ్త."

ఆ రెండు రోజులూ ఆమెకు పందిరి కిందే గడిచింది. ఒక్కో గుత్తికీ ముందు చిన్న కత్తెరతో చితికిన పండ్లు ఏరేది. ఒక్క పండు పగిలినా దాని రసానికి కందిరీగలు చేరతాయి, పక్క పండ్లు కూడా కుళ్ళుతాయి. కత్తెర మొన లోపలికి పోనిచ్చి, మంచి పండ్ల మీద పొడి చెరగకుండా, చెడ్డదాన్ని కాడతో సహా తుంచి చీరచెంగులో వేసుకునేది. ఆ తర్వాత వల సంచి కింద నుంచి తొడిగి, పైన కాడ దగ్గర వదులుగా ముడి వేసేది. మెడ పట్టేసింది. పైకి చూసీ చూసీ కళ్ళలో ఆకుల దుమ్ము పడి నీళ్ళు కారాయి. హాస్టల్ బాల్కనీలోంచి అమ్మాయిలెవరో, "ఆంటీ, ఈసారి మాకెప్పుడు?" అని అడిగితే, "సోమవారం," అని చెప్పింది.

శనివారం మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. మార్చిలో అకాల వాన పడితే పండిన ద్రాక్ష నీళ్ళు తాగి పగిలిపోతుంది. ప్రభావతి ప్లాస్టిక్ పట్టా లాక్కొచ్చేసరికి జగన్మోహన్ అప్పటికే లుంగీ ఎగ్గట్టి గోడెక్కి ఉన్నాడు. యాభై నాలుగేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పి ఉన్నవాడు.

"మీరు దిగుండి, పడ్తరు."

"తాడు విసురు ముందు."

గాలి పట్టాను గుంజేస్తోంది. అతను ఒక కొస ఇనుప పైపుకు బిగించి కడుతుంటే పందిరి ఇనుపతీగ కోసుకుని బొటనవేలు చీరింది. రక్తం కారుతున్నా ముడి వదలలేదు. నాలుగు పెద్ద చినుకులు పడ్డాయి. ఆ తర్వాత మబ్బు చిక్కడపల్లి మీదుగా తేలిపోయింది. ఎండ మళ్ళీ వచ్చింది. పట్టా కింద గుత్తులన్నీ పొడిపొడిగా ఉన్నాయి.

ప్రభావతి అతని వేలికి పసుపు అద్ది గుడ్డ చుట్టింది. ఈ మనిషికి పందిరి మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందో అనుకుంది. లోపల ఎంతో సంతోషం వేసింది. అతను మాత్రం ఆమె చేతుల వంకే చూస్తూ, మొహం ఎత్తకుండా కూర్చున్నాడు.

*

ఆదివారం తెల్లవారుతూనే వల సంచులన్నీ విప్పేసింది. వాకిలి కడిగి ముగ్గు పెట్టింది. రాలిన ఆకులు ఏరింది. ఒకదానికొకటి చుట్టుకున్న నులితీగలను విడదీసి, లోపల దాక్కున్న గుత్తులను ఆకుల ముందుకు తెచ్చింది. అరుంధతి పైనుంచి చూసి చేత్తోనే బాగుందన్నట్టు సైగ చేసింది.

బర్కత్‌పుర వాళ్ళ కారు సందు మొదట్లోనే ఆగింది. ముందు పెద్దాయన, వెనక ఆయన భార్య నళిని, ఆమె పక్కన పిల్ల సంజన. గేటు తీసి ముగ్గురూ తలలు వంచుకుని లోపలికొచ్చారు. వంచిన తలలు ఎత్తగానే ముగ్గురూ మాట్లాడటం మానేశారు. గుత్తుల నిండా ఎండ ఉంది. సంజన చెయ్యి పైకెత్తి, తాకకుండా, ఒక గుత్తి కింద అరచేయి పట్టింది. పసుపుపచ్చటి వెలుగు ఆమె మణికట్టు మీద పడింది.

"ఇది ఇంట్ల కాసిందా?" అంది నళిని.

"ఇంట్లదే. నా చేతుల మీద పెరిగింది," అంది అరుంధతి. "బిడ్డ లెక్క చూసుకున్న దీన్ని."

ప్రభావతి తన గుమ్మంలో ద్రాక్షపండ్ల పళ్ళెంతో నిలబడి ఉంది. ఆ మాట విని కొంచెం నవ్వుకుంది. పెళ్ళిమాటలన్నాక నాలుగు గొప్పలు లేకుండా ఎట్లా కుదురుతాయి, పోనీలే అనుకుంది. పళ్ళెం తెచ్చి అందరి ముందూ పెట్టింది.

"ఈమె ప్రభావతి. కింద పోర్షన్ల ఉంటది," అంది అరుంధతి. ఆమె ఇచ్చిన పరిచయం అంతే.

పందిరి కిందే కుర్చీలు వేసి కూర్చోబెట్టారు. అనురాగ్ తెల్ల చొక్కాలో వచ్చి కూర్చున్నాడు. కాసేపటికి పిల్లలిద్దర్నీ మాట్లాడుకొమ్మని పైకి పంపారు. వాళ్ళు దిగివచ్చాక నళిని చీర కుచ్చిళ్ళు సవరించుకుంటూ లేచి ప్రభావతి దగ్గరికి వచ్చింది. మంచి మనిషిలాగే ఉంది. గొంతు మెత్తగా ఉంది.

"ఏమనుకోకుండ్రి. కింది ఇల్లు ఒక్కసారి చూడొచ్చునా? మీరు ఈ నెలాఖరుకు ఖాళీ చేస్తున్నరట గదా. పెండ్లయినంక పిల్లలు ఇక్కడ్నే ఉంటరన్నరు."

ప్రభావతికి ముందు ఆ మాట అర్థం కాలేదు. ఇంకెవరి గురించో అనుకుని వెనక్కి తిరిగి చూసింది. తర్వాత అరుంధతి వైపు చూసింది. అరుంధతి పెద్దాయనతో నల్లా నీళ్ళ గురించి గబగబా మాట్లాడుతోంది. ప్రభావతి భర్త కోసం చూసింది. జగన్మోహన్ గోడ పక్కన వంగి, ఎవరూ కూర్చోని కుర్చీని సరిచేస్తున్నాడు. కుర్చీ సరిగ్గానే ఉంది. అయినా అతను తల ఎత్తలేదు.

అతను తల ఎత్తకపోవడంతో ఆమెకు అంతా తెలిసిపోయింది.

"రండి," అంది నళినితో. గొంతు మామూలుగానే వచ్చింది. ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

నళిని ముందు గది చూసింది, పడకగది చూసింది, వంటింట్లోకి వెళ్ళింది. "ఫ్రిజ్ ఈడ పడ్తదంటరా?" అంటూ ప్రభావతి బియ్యం డబ్బా ఉన్న మూలను జానలతో కొలిచింది. పచ్చడి జాడీలున్న అల్మారా తలుపు తీసి లోతు చూసి మూసింది. దేవుడి గూటి ముందు కాసేపు నిలబడి, "గాలి మంచిగనే వస్తది," అంది. ప్రభావతి ప్రతిదానికీ తలూపుతూ వెనకే నడిచింది. తన ఇంట్లో తనే చుట్టమైనట్టు ఎక్కడ నిలబడాలో తెలియలేదు. పొయ్యి గట్టు మీద పొద్దున తాగిన చాయ్ గ్లాసులు కడగకుండా ఉన్నాయి. వాటిని చటుక్కున పక్కకు జరిపింది.

సంజన లోపలికి రాలేదు. వంటింటి గడప బయటే నిలబడి ఉంది. తల్లి పెరటి తలుపు తీసుకుని అటు వెళ్ళగానే అడిగింది.

"ఆంటీ, మీకు ముందుగాల తెల్వదా?"

ప్రభావతి ఆ పిల్ల మొహం చూసింది. తెలుసమ్మా, మేమే వెళ్ళిపోతున్నాం అని ఒక్క మాటంటే చాలు, అక్కడికి అన్నీ సర్దుకుంటాయి. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా. అరుంధతి కోసం ఇన్నేళ్ళలో ఇలాంటి చిన్న చిన్న మాటలు ఎన్ని చెప్పి ఉంటుందో లెక్కలేదు.

"మీ అమ్మ చెప్పినంకనే తెలిసింది బిడ్డా," అంది.

 సంజన చేతిలో మిగిలిన ద్రాక్షపండ్లను చెయ్యి చాచి గట్టు మీద నెమ్మదిగా పెట్టి బయటికి నడిచింది.

*

చుట్టాలు వెళ్ళిపోయాక జగన్మోహన్ చాలాసేపు ఇంట్లోకి రాలేదు. వాకిట్లో కుర్చీలు మడిచాడు, వాటిని పైకి మోసి వచ్చాడు, చెత్త ఎత్తాడు. లోపలికొచ్చేసరికి ప్రభావతి పీట మీద కూర్చుని చాయ్ గ్లాసులు తోముతోంది.

"మీకెప్పుడు తెలుసు?"

అతను తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు. "జనవరిల చెప్పింది ఆమె. అనురాగ్ తల్లితోని పైన ఉండనంటున్నడట. పెండ్లయినంక వేరే ఇల్లు తీసుకుంటనంటున్నడట. కింద ఖాళీ అయితే ఇక్కడ్నే ఉంటడు, కొడుకు కళ్ళ ముందుంటడని ఆమె ఆశ. ఇల్లు ఆమెది. నేనేమంట?"

"ఇల్లు ఆమెదే. పొమ్మంటె పోతం. దానికి నేనేమన్న కొట్లాడుదునా? నాకెందుకు చెప్పలే?"

"నువ్వు బాధ పడ్తవని."

ఆమె తోముడు ఆపి అతన్ని చూసింది. ఆ చూపు తట్టుకోలేక అతనే మిగిలింది కూడా బయటపెట్టాడు.

"అంగూర్లు కోసేదాంక చెప్పొద్దని ఆమెనే అన్నది. నీకు తెలిస్తే పందిరిని పట్టించుకోవని. ఐతారం దాంక ఎట్లన్న నెట్టుకు రమ్మన్నది. నేను సరే అన్న."

నల్లా కింద గ్లాసు నిండి పొర్లుతోంది. సుల్తాన్ బజార్లో బేరమాడనివ్వకపోవడం, ఆటోలో మింగిన మాట, గోడెక్కి వేలు కోసుకోవడం ఒకదాని వెంట ఒకటి ఆమెకు గుర్తొచ్చాయి. ఆ పసుపు గుడ్డ ఇంకా అతని వేలికే ఉంది.

"బాగ్ లింగంపల్లిల ఇల్లు చూసిపెట్టిన," అన్నాడతను. "మంచిగున్నది. నీళ్ళ తకలీఫ్ లేదు. రాగిణికి గూడ ఫొటోలు పంపిన, మంచిగుందన్నది."

"రాగిణికి తెలుసా?"

అతను వేలికున్న గుడ్డ ముడి బిగించుకున్నాడు. వరంగల్లో ఉన్న కూతురు రాగిణి మొన్న బుధవారమే ఫోన్ చేసి, అమ్మా ఈసారి అంగూర్లు ఎట్లున్నయి అని అరగంట మాట్లాడింది. ప్రభావతి ఒక్కో గుత్తి గురించీ వర్ణించి చెప్పింది. కూతురు ఊకొడుతూ వింది.

ప్రభావతి గ్లాసులు బోర్లించి, చేతులు తుడుచుకుని, అన్నం వండింది. అతనికి వడ్డించింది. తను తినలేదు. ఏడుపు వస్తుందేమో అనుకుంది గానీ రాలేదు. అందరికీ తెలిసిన సంగతిని తనొక్కదాని దగ్గరే దాచి, తను మెడ పట్టేసేలా పైకి చూస్తుంటే వీళ్ళంతా కింద నిలబడి తనను చూశారు. అది తలుచుకున్నప్పుడల్లా మొహం వేడెక్కింది, సిగ్గుపడవలసింది తనే అన్నట్టు.

*

సోమవారం పొద్దున్నే ఆమె బుట్టలూ కత్తెరా తీసుకుని వాకిట్లోకి వచ్చింది. జగన్మోహన్ స్టూలు పట్టుకోబోతే, "అవసరం లేదు," అంది. అతను వెనక్కి తగ్గాడు.

ఎడమ చేత్తో గుత్తిని కింద నుంచి ఆనించి, కుడి చేత్తో కాడ దగ్గర కత్తెర వేసింది. బరువు ఒక్కసారిగా అరచేతిలోకి దిగింది. ఎన్నేళ్ళుగానో ఆ బరువు చేతికి దిగే క్షణం కోసమే ఏడాదంతా ఎదురుచూసేది. ఈసారి ఆ బరువు కోపం తెప్పించింది. నాలుగు రోజులు అదనంగా ఉన్నందుకు పండ్లు ఇంకా ముదిరి, కొన్ని చోట్ల తోలు మీద సన్నటి రాగి చుక్కలు పడ్డాయి. ఎండకు చూపిస్తే లోపల తేనె నిలిచినట్టే ఉంది. ఇంత అందంగా ఉండకపోయినా బాగుండేది. ఏదో ఒక లోపం దొరికితే దాని మీదికి మనసు మళ్ళించుకునేది. దొరకలేదు. గుత్తి వెంట గుత్తి కోసి, వేపాకులు పరిచిన బుట్టల్లో, ఒకదాని మీద ఒకటి నలగకుండా పేర్చింది. పైన గుత్తులు పోయిన చోటల్లా ఆకుల మధ్య ఆకాశం కనిపించసాగింది.

హాస్టల్ అమ్మాయిలకు ఒక బుట్ట పంపింది. సందులోని ఇళ్ళన్నిటికీ తనే పంచింది. మొదటి బుట్ట ఏటా పైకే వెళుతుంది. ఈసారి ఆఖరున తీసుకుని మెట్లెక్కింది.

అరుంధతి తలుపు తీసి బుట్టను చూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

"నువ్వు తేవనుకున్న."

"నీ ఇంటి పండ్లు. నీకియ్యకుంటె ఎట్ల?"

"గట్ల మాట్లాడకు ప్రభా. వాడు ఒక్కగానొక్క కొడుకు. ఎక్కడ్నో కొండాపూర్ల ఇల్లు తీసుకుంటనంటె నా పానం ఆగలే. నా తానంల ఉంటే నువ్వేం చేస్తుంటివి?"

"గదే చేస్తుంటి. కానీ నీకు ముందు చెప్తుంటి."

"చెప్తే నువ్వు ఆ పందిరి మొహం చూసేదానివా? నిజం చెప్పు."

ప్రభావతి బుట్ట కింద పెట్టింది. నిజంగానే ఆలోచించింది. "చూసేదాన్నే అక్కా. నీ కోసం గాదు, దాని కోసం. నీకు గింతగూడ తెల్వదు నా గురించి."

ఆమె మెట్లు దిగుతుంటే వెనక తలుపు వేసిన చప్పుడు వినిపించలేదు. అరుంధతి తలుపు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నట్టుంది.

*

బుధవారం మధ్యాహ్నం ప్రభావతి పాత పేపర్లలో ఇత్తడి సామాను చుట్టి అట్టపెట్టెలో పెడుతుంటే అరుంధతి వచ్చింది. తల దువ్వుకోలేదు. పిలవకుండానే వచ్చి నేల మీద కూర్చుంది. ఆఫీసుకు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్న జగన్మోహన్ మంచం మీది నుంచి లేచాడు.

"వద్దన్నరు వాళ్ళు," అంది అరుంధతి. "ఆ పిల్ల అనురాగ్‌కు ఫోన్ చేసి అడిగిందట. కిందున్న ఆంటీకి ఎందుకు చెప్పలే అని. వీడేమో, అవన్నీ మా అమ్మ చూసుకుంటది అన్నడట. ఆ మాటతోని వద్దనుకున్నదట. నువ్వేం చెప్పినవ్ ఆ పిల్లకు?"

"తెలుసా అని అడిగింది. ఇప్పుడే తెలిసిందన్న."

"తెలుసు అంటే నీ సొమ్మేం పోయేది? ఒక్క మాటతోని..." అరుంధతి ఆగిపోయింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. కాసేపటికి గొంతు మార్చి అంది. "పోనీ. అయ్యిందేదో అయ్యింది. వాడు ఇప్పట్ల పెండ్లే వద్దంటున్నడు. మీరు ఎక్కడికి పోవద్దు. ఎప్పటి లెక్కనే ఉండుండ్రి."

జగన్మోహన్ మొహం తేటపడింది. "ఇంకేంది మరి," అన్నాడు. "నేను బాగ్ లింగంపల్లోళ్ళకు ఫోన్ చేసి చెప్పేస్త. ప్రభా, ఆ పెట్టెలు విప్పు."

ప్రభావతి చెంబును పేపర్లో చుట్టి, అంచులు లోపలికి మడిచి, పెట్టెలో పెట్టింది. ఇంకో చెంబు తీసుకుంది.

"నేను ఆ పిల్లకు అబద్ధం చెప్పి ఉంటే నువ్విప్పుడు ఇట్ల వచ్చి కూసుందువా అక్కా?" అంది. కోపంగా అనలేదు. తెలుసుకోవాలన్నట్టే అడిగింది.

అరుంధతి గుమ్మంలోంచి పందిరి వంక చూసింది.  చివరికి ఆమె, "నువ్వు పోతే పందిరి ఎవరు చూస్తరు?" అంది.

ఆ మాట బయటికొచ్చాక గానీ తనేమన్నదో అరుంధతికి తెలియలేదు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రభావతి మాత్రం మామూలుగా చెప్పింది.

"ఏప్రిల్ల కొమ్మలు కత్తిరించాలె. కొమ్మకు రెండు కణుపులు ఉంచి మిగతాది తీసెయ్యమను. మొదలుకు పశువుల ఎరువు వెయ్యి. మళ్ళ అక్టోబర్ల కత్తిరిస్తెనే కాపు. తోటమాలిని ఎవర్నన్న పిలిస్తె చేస్తడు."

అరుంధతి వెళ్ళిపోయాక జగన్మోహన్ మెల్లగా దగ్గరికొచ్చాడు. "తొందరపడకు. ఎట్లున్నా తెలిసిన ఇల్లు. సరే, పోదమంటె బాగ్ లింగంపల్లి ఇల్లు ఉండనే ఉన్నది."

"మీరు చూసిన ఇంట్లకు నేను రాను," అంది ప్రభావతి. "ఇల్లు నేను చూస్త."

 అతను ఒక పేపరు తీసుకుని, ఆమె ఎదురుగా కూర్చుని, పళ్ళెం చుట్టసాగాడు. ఆమె కాదనలేదు, సాయం చేస్తున్నందుకు మెత్తబడనూ లేదు.

తెల్లారి ఆమె ఒక్కతే చెప్పులేసుకుని చిక్కడపల్లి అంతా తిరిగింది. కూరగాయల మార్కెట్ వెనక సందులో రెండో అంతస్తులో రెండు గదులు దొరికాయి. వాకిలి లేదు, మట్టి లేదు. కిటికీ తీస్తే ఎదురింటి గోడ, కింద తోపుడు బండ్ల కేకలు. వంటింట్లో పొద్దుటి పూట వెలుతురు బాగానే వస్తుంది. ఇంటావిడ రత్నమాల, ఉద్యోగం నుంచి రిటైరైన నర్సు, కింద ఒక్కతే ఉంటుంది. సాయంత్రం ప్రభావతి భర్తను వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళింది.

రత్నమాల ఇద్దరికీ మంచినీళ్ళిచ్చి, తాళంచెవి తీసి, అలవాటు ప్రకారం జగన్మోహన్ వైపు చాచింది. "మోటరు టైమింగులు, కరెంటు మీటరు సంగతి సార్‌కు చెప్త. ఇంకేమన్న ఉంటే సార్‌తోనే మాట్లాడుత గదా?"

జగన్మోహన్ చెయ్యి సగం లేచి ఆగింది. ప్రభావతి ముందుకు వచ్చి తాళంచెవి తీసుకుంది.

"ఏ సంగతున్నా నాకే చెప్పుండ్రి అమ్మా," అంది. "రేపెప్పుడన్న ఖాళీ చెయ్యమనాలనిపించినా సరే, ముందుగాల నాకే చెప్పుండ్రి. ఆయనకు గాదు."

రత్నమాల ఒకసారి ఆయన వైపు, ఒకసారి ఆమె వైపు చూసింది. ఏమీ అడగకుండా తలూపింది. జగన్మోహన్ ఖాళీ గ్లాసు పట్టుకుని కిటికీలోంచి ఎదురింటి గోడను చూస్తున్నాడు. ప్రభావతి తాళంచెవిని కొంగుకు ముడేసుకుని, పై గది ఊడ్చుకోవడానికి చీపురు ఉందా అని రత్నమాలను అడిగింది.